అంచనాల యోనా

యోనా తాత అంచనా వేయని వస్తువు బేతేలుపేటలో ఒక్కటీ లేదు. ఆ అంచనాకు సరిగ్గా తూగిన వస్తువూ ఒక్కటీ లేదు. ఎప్పుడు చూసినా ఎక్కువే చెప్పేవాడు. సత్తుపల్లి బస్సు ఎంతసేపట్లో వస్తుందని అడిగితే గంట అనేవాడు. అది నలభై నిమిషాలకు వచ్చేది. ముప్పై నాలుగేళ్లు పంచాయతీలో బిల్ కలెక్టరుగా పనిచేసి, ఇంటింటికీ పన్ను నోటీసులు పంచిన మనిషి లెక్క ఇలా ఉండడమేమిటని కొత్తవాళ్లు విస్తుపోయేవారు. పాతవాళ్లు మాత్రం ఆయన వినేలాగానే 'అంచనాల యోనా' అని పిలిచి నవ్వేవారు. వాళ్లతో పాటు ఆయనా నవ్వేవాడు.

ఆదివారం చర్చిలో ఆయన చోటు చివరి బెంచీ. పాస్టరు గారు బైబిలు తెరిచి కళ్లజోడు సర్దుకోగానే యోనా తాత పక్కవాడి చెవిలో "గంటా పన్నెండు నిమిషాలు" అని ఊదేవాడు. ఆ మాట బెంచీల వెంట పాకి, ముందు వరసలో చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకున్న తల్లుల దాకా చేరేది. అందరూ గంటా పన్నెండు నిమిషాలకు మనసు రాయి చేసుకుని, కాళ్లు మడిచి సర్దుకునేవారు. ప్రసంగం నలభై ఎనిమిది నిమిషాలకే ముగిసేది. బయటికి వస్తూ జనం పాస్టరు గారి చేతులు పట్టుకుని, ఈ వారం ఎంత క్లుప్తంగా చెప్పారయ్యా అని మెచ్చుకునేవారు. పాపం, ఆ మెప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయనకు ఎన్నడూ తెలియలేదు.

జంపయ్య బోరు వేయించినప్పుడూ ఇదే తంతు. బోరు వాళ్లకు అడుగుకు ఇంతని కట్టాలి. యోనా తాత వచ్చి, చుట్టుపక్కల నాలుగు బోర్లూ చూసి, నేల మీద చెప్పుకాలితో రెండుసార్లు తట్టి, రెండు వందల డెబ్బై అడుగులన్నాడు. జంపయ్య తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. నూట ఎనభై అడుగులకే నీళ్లు ఎగజిమ్మాయి. జంపయ్య ఆ బురదలోనే గంతులేసి, బోరు డ్రైవరును ఎత్తుకుని తిప్పాడు. సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతూ, మన యోనాకు భూమి పైనే కాదు, లోపల కూడా లెక్క రాదని పదిమందిలో అన్నాడు. యోనా తాత ఆ చాయ్ డబ్బులు కూడా జంపయ్య చేతనే కట్టించి, తలాడిస్తూ వెళ్లిపోయాడు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆయన చెప్పే అంకెలు గుండ్రంగా ఉండడం అరుదు. ఉజ్జాయింపుగా చెప్పే మనిషి ఎవరైనా ఎనిమిది వందలంటాడు. ఈయన ఏడు వందల ఎనభై అంటాడు. తన ఇంటి పన్నుకు ఆ అంకె విన్న హాతీరాం ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"ఆ ఎనభై ఏంది పెద్దయ్యా? ఎట్లాగు తప్పే లెక్కే కదా, రౌండు చేసి చెప్పరాదు?"

"రౌండు చేస్తే అబద్ధమైతది," అన్నాడు యోనా తాత, ఎంతో గంభీరంగా.

హాతీరాం ఇంటి పన్ను ఆ యేడు అయిదు వందల ఇరవై వచ్చింది.

ఈ మనిషితో ఫ్లోరెన్సుకు అసలు పని పడింది రెండు వేల నాలుగులో, ఇల్లు కొన్నాక. ఆమెది మధిర వైపు. బీఎస్సీ చదివి, ఊళ్లోని ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేస్తోంది. భర్త జోయెల్ పామాయిల్ నర్సరీలో సూపర్‌వైజరు. కూతురు అక్సాకు అప్పటికి తొమ్మిది నెలలు. ఆ ఇంట్లో కంగారు మొత్తం ఫ్లోరెన్సు వాటాకే వచ్చింది, జోయెల్ వాటాకు నిద్ర వచ్చింది. పిల్లను వారానికోసారి కిరాణా కొట్టు కాటా మీద తూచేది. ఏ నెలకు ఏం చేయాలో, అంటే ఎప్పుడు బోర్లాపడాలో, ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు నడవాలో ఒక చార్టు గీసి గోడకు అంటించింది. స్కూలు లాబ్ నుంచి అడిగి తెచ్చిన థర్మామీటరు ఉయ్యాల తాడుకు వేలాడేది. మార్చి మొదటివారంలోనే మధ్యాహ్నం అది ముప్పై తొమ్మిది చూపించింది.

అదే ఆమె గుండెల్లో రాయి. ఇంటిపైన సిమెంటు రేకులు. ఏప్రిల్ వస్తే ఆ రేకుల కింద పిల్ల పడుకోలేదు. ఒళ్లంతా ఇప్పటికే చెమటకాయలు. రేకుల కింద వెదురు తడకలతో సీలింగు కట్టిస్తే నాలుగైదు డిగ్రీలైనా తగ్గుతుంది. ఆ పని చేసేవాడు పగిడయ్య. వెదురు, కర్రలు, కూలి అన్నీ కలిపి రెండు వేల ఏడు వందలు అడిగాడు, అదీ ముందుగానే. పైగా ఒక గడువు పెట్టాడు.

"శుక్రవారం దాకా చూస్త టీచరమ్మా. ఆదివారం మేమంతా భద్రాచలం పోతున్నం, నవమి పందిళ్ల పనికి. అక్కడికి పోయినంక మళ్ల ఏప్రిల్ ఆఖరుకే నేను దొరికేది."

చేతిలో ఉన్నది అయిదు వేల రెండు వందలు. ఇల్లు కొనగా, అప్పు వాయిదా కట్టగా, చీటీ డబ్బు పోగా మిగిలినది. అందులోంచి పగిడయ్యకు ఇచ్చేయవచ్చు. కానీ ఇంటి పన్ను ఇంకా కట్టాలి. అది ఎంతో ఎవరికీ తెలియదు.

తెలియకపోవడానికి ఒక కథ ఉంది. ఇల్లు అమ్మిన తుల్సీరాం ఆర్టీసీ కండక్టరు, మంచి మనిషి. బదిలీ మీద కొత్తగూడెం వెళుతూ, రసీదులన్నీ చూపించి, ఒక్క పైసా బాకీ లేదని చెప్పాడు. అబద్ధం కాదు. కాకపోతే మూడేళ్ల కిందట ముందు వసారాకు గోడలు లేపి గది చేశాడు. పంచాయతీ రిజిస్టరులో అది ఇంకా వసారాగానే ఉంది. ఫ్లోరెన్సు ఫోను చేసి అడిగితే, "అది గది కాదమ్మా, వసారాకే గాలి రాకుండ గోడలు పెట్టిన గంతే," అన్నాడు. అలాంటిదాన్ని సాధారణంగా ఏమంటారని ఆమె అడగబోయి, ఫోను బిల్లు గుర్తొచ్చి ఊరుకుంది.

ఇప్పుడు పేరు మార్చేటప్పుడు ఇల్లంతా మళ్లీ కొలుస్తారు. గది లెక్కలోకి వస్తుంది. మూడేళ్ల తేడా కూడా కలుపుతారేమో. మార్చి ముప్పై ఒకటిలోగా కట్టకపోతే ఇల్లు వీళ్ల పేరు మీదికి ఎక్కదు. ఇప్పుడు బిల్ కలెక్టరుగా ఉన్న కోటేష్ వచ్చి టేపు పట్టి కొలుచుకుని వెళ్లాడు కానీ, ఎంత వస్తుందంటే మాత్రం, పైన సంతకం అయ్యాకనే తెలుస్తుంది మేడం అని చేతులు కట్టుకున్నాడు. నోటీసు నెలాఖరుకు.

ఫ్లోరెన్సు తానే లెక్క మొదలుపెట్టింది. పునాది కొలత, రేకుల కప్పుకు ఒక రేటు, ఇంటి వయసుకు తగ్గింపు, దాని మీద నీళ్లకూ వీధి దీపాలకూ లైబ్రరీకీ వేసేవి. గదిని పాతదిగా లెక్కిస్తే ఒకటి, కొత్తదిగా లెక్కిస్తే ఇంకొకటి. నాలుగు పేజీలు నిండాక జవాబు తేలింది. పన్ను పదకొండు వందల యాభైకి, నాలుగు వేల తొమ్మిది వందలకు మధ్య ఎక్కడో ఉంది.

జోయెల్ ఆ కాగితం చూసి, "ఇది నాకు లెక్క చేయకముందే తెలుసు కదా," అన్నాడు. ఆ రాత్రి అతనికి చారు మాత్రమే దొరికింది.

మర్నాడు యోనా తాతను పిలిపించారు. నిజానికి పిలవలేదు. పన్ను మాట వినపడితే ఆయనే వచ్చేవాడు. టైరు చెప్పులు, మోకాళ్ల కిందికి దిగిన తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. గడపలో నిలబడి వందనాలు చెప్పి, లోపలికి రాకుండా ఇంటి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. మడమకు బొటనవేలు ఆనిస్తూ, పెదవులు కదుపుతూ, వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ. ఫ్లోరెన్సు టేపు తెచ్చి ఇవ్వబోయింది.

"టేపు సాగుతది బిడ్డా. కాలు సాగదు," అన్నాడు.

తర్వాత గోడను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. గోడకు ఎన్నేళ్లో దాని చప్పుడే చెబుతుందట. ముందు గది దగ్గరికి వచ్చి, పైకి కిందికి చూసి, "తుల్సీరాం వసారా శాన గట్టిగ కట్టిండు," అన్నాడు. ఉయ్యాలలో అక్సా ఆయన గొడుగు పట్టుకుని లాగింది. ఆయన గొడుగు ఆమెకే వదిలేసి, కళ్లు మూసుకుని, కాసేపు ఆగి చెప్పాడు.

"మూడు వేల ఆరు వందల ఇరవై నాలుగు."

ఫ్లోరెన్సు గబగబా లెక్కేసింది. అయిదు వేల రెండు వందల్లోంచి అది తీసేస్తే పదిహేను వందల డెబ్బై ఆరు. సీలింగు లేదు.

"కొంచెం తగ్గదా తాతయ్యా?"

"తగ్గితే సంతోషమే కదా. నువ్వు మాత్రం గంత పక్కకు పెట్టుకో," అని గొడుగు కోసం చేయి చాపాడు. అక్సా ఇవ్వలేదు. ఆయన ఎండలో గొడుగు లేకుండానే వెళ్లిపోయాడు.

ఆ రోజంతా ఫ్లోరెన్సు ఆ అంకెనే నములుతూ కూర్చుంది. స్కూల్లో ఎనిమిదో తరగతికి త్రాసు గురించి చెబుతూ ఆగిపోయింది. స్కూలు లాబ్‌లో ఒక స్ప్రింగు త్రాసు ఉంది. ఏది తూచినా యాభై గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. దాన్ని పారేయాలా అని పిల్లలు అడిగితే ఆమె ఏటా ఒకటే చెబుతుంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపించే త్రాసును పారేయాలి. ఎప్పుడూ ఒకేలా తప్పే త్రాసును పారేయనక్కర్లేదు, ఎంత తప్పుతోందో తెలిస్తే చాలు. ఈ మాట తన నోటితో తానే అని, చాక్‌పీసు పట్టుకున్న చేయి గాలిలో అలాగే ఉంచి నిలబడిపోయింది. పిల్లలు ఇంటర్వెల్ బెల్లు కొట్టారేమో అనుకుని లేచారు.

సాయంత్రం అక్సాను చంకనేసుకుని వీధి వీధంతా తిరిగింది. యోనా తాత మీకు ఎంత చెప్పాడు, ఎంత వచ్చింది అని అడిగి నోటుబుక్కులో రాసుకుంది. జంపయ్య బోరు రెండు వందల డెబ్బై, నూట ఎనభై. హాతీరాం పన్ను ఏడు వందల ఎనభై, అయిదు వందల ఇరవై. క్రాంతికుమార్ పెళ్లికి భోజనాలు నాలుగు వందల ఇరవై అన్నాడు, తిన్నది రెండు వందల ఎనభై మంది. మిగిలిన అన్నం హాస్టలు పిల్లలకు రెండు పూటలు వచ్చిందట. ప్రసంగం సంగతి తనకే తెలుసు. బస్సు సంగతి ఊరందరికీ తెలుసు.

మొదటి గడిని రెండో గడితో భాగించింది. మళ్లీ భాగించింది. అన్నింటికీ ఒకటే జవాబు. ఒకటిన్నర. ఒక్క దశాంశం కూడా అటు ఇటు కాలేదు.

లెక్క రాని మనిషి తప్పు ఇంత పద్ధతిగా ఉండదు. ఒకటిన్నర రెట్లు చెప్పాలంటే ముందు అసలు అంకె తెలిసి ఉండాలి. మూడు వేల ఆరు వందల ఇరవై నాలుగును ఒకటిన్నరతో భాగించింది. రెండు వేల నాలుగు వందల పదహారు. అది తీసేస్తే రెండు వేల ఏడు వందల ఎనభై నాలుగు మిగులుతాయి. పగిడయ్యకు పోను ఎనభై నాలుగు రూపాయలు.

"ఇచ్చేద్దాం," అన్నాడు జోయెల్ వెంటనే.

"అయిదు లెక్కల మీద ఆధారపడి ఇల్లు ఎలా పణంగా పెడతాం?" అంది ఫ్లోరెన్సు. ఆమెకు కనీసం ముప్పై లెక్కలు కావాలి. శుక్రవారానికి మిగిలింది ఒక్క రోజు.

శుక్రవారం పొద్దున్నే యోనా తాత ఇంటికి వెళ్లింది, అడిగేద్దామని. ఆయన లేడు. భార్య సవరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చాయ్ గిన్నె కడుగుతోంది.

"కూసో బిడ్డా. పోస్టాఫీసు దాకా పోయిండు. గంటన్నరల వస్త అని చెప్పి పోయిండు," అంది. గోడ గడియారం వైపు చూసి, "అయితే ఇంగ పది నిమిషాల్ల వస్తడు," అని పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

"వెళ్లి ఎంతసేపయింది అమ్మమ్మా?"

"యాభై నిమిషాలు."

యాభైకి పది కలిపితే గంట. ఆయన చెప్పింది గంటన్నర. ఫ్లోరెన్సు మెల్లగా నోటుబుక్కు తెరిచి, తన పట్టిక ముసలామె ముందు పెట్టింది. సవరమ్మకు చదువు రాదు. చూపుడు వేలితో గళ్లను తడుముతూ, ఇదేంది, ముగ్గా అని అడిగింది. ఫ్లోరెన్సు వివరించింది. ఎంత చెప్పాడో, ఎంత వచ్చిందో, భాగిస్తే ఎంత వస్తోందో.

సవరమ్మ అంతా ఓపిగ్గా విని, చాయ్‌పత్తా వేస్తూ అంది.

"దీనికి గింత రాసుడు ఎందుకు బిడ్డా? నేను నలభై ఏండ్ల సంది చేస్తున్న. ఆయన ఏది చెప్పినా మూడు పాళ్లు చేసి, ఒక పాలు అవతల పెడ్త. మిగిలిందే నిజం."

వీధంతా తిరిగి కష్టపడి కనిపెట్టిన సంగతి చాయ్ గిన్నెలో కరిగిపోతుంటే ఫ్లోరెన్సు నోరు తెరిచి చూసింది. సవరమ్మ చెప్పుకుపోయింది. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు వయసు ముప్పై ఆరు అన్నాడట. ముసలోడు మనకొద్దని వాళ్ల నాయన లేచి నిలబడ్డాడట. ఎంక్వయిరీ చేస్తే ఇరవై నాలుగే.

"ఎందుకట్ల చెప్పినవ్ అంటే, పెండ్లయినంక చిన్నోడని తెలిస్తే నువ్వు సంతోషపడ్తవనుకున్న అన్నడు. గసుంటి మనిషి."

"కానీ ఎందుకు అమ్మమ్మా? ఊరందరూ లెక్క రాదని నవ్వుతుంటే..."

సవరమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసి, ఆ కథ చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో యోనా తండాలో పూల్‌సింగ్ అనే మనిషి అడిగితే ఇంటి పన్ను ఇరవై రూపాయలు వస్తుందని చెప్పాడు. గుండ్రంగా, చూపుమేరకు. నోటీసు ముప్పైకి వచ్చింది. ఆ పది రూపాయలు లేక పూల్‌సింగ్ పాలిచ్చే మేకను సంతలో అమ్మేశాడు. మేక పేరు మోతీ. ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంది. యోనాకు తెలిసింది నాలుగు రోజుల తర్వాత. ఆ వారం సంతకు వెళ్లి, జీతం మొత్తం పోసి, కొన్నవాడి దగ్గర బతిమాలి మోతీని తిరిగి కొన్నాడు. దాన్ని తండాకు తోలుకెళుతుంటే అది దారిలో రసీదు పుస్తకం సగం నమిలేసింది. ఆఫీసులో చీవాట్లు, ఫైను.

"గప్పటి సంది ఇరవైకి ముప్పై చెప్తడు. ముందుగాల భయపడితే పడ్డరు, కాయితం చేతికొచ్చిన నాడు నవ్వాలె అంటడు. రాష్ట్రం మొత్తంల పన్ను నోటీసు ఇస్తే జనం మజ్జిగిచ్చి పంపిన బిల్ కలెక్టరు మా ఆయనొక్కడే బిడ్డా."

"మరి ఊళ్లో వాళ్లకు..."

"అందరికీ తెలుసు. ఆ జంపయ్యకు తెల్వదనుకున్నవా? వాళ్లకు తెలుసన్న సంగతి ఈయనకు తెల్వదు. నువ్వు కూడ చెప్పకు. కొత్తగ ఇల్లు కొన్నోళ్లకు మేం ఎవ్వరం ముందుగాల చెప్పం. మొదటి నోటీసు సంబురం మొదటిదే కదా." చాయ్ వడపోస్తూ అంది. "నీకైతే చిన్నపిల్ల ఉన్నది. అందుకే నోరు జారిన."

బయట టైరు చెప్పుల చప్పుడైంది. ఫ్లోరెన్సు గడియారం చూసింది. సరిగ్గా గంట. ఆమె నోటుబుక్కు కొంగు కింద దాచేసి, లేచి వందనాలు చెప్పి, చాయ్ తాగకుండానే పగిడయ్య ఇంటి వైపు దాదాపు పరుగెత్తింది. చేతిలోని డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం వదల్లేకపోయింది. పగిడయ్య అటువైపు పట్టుకుని, "ఇస్తున్నవా టీచరమ్మా, చూపిస్తున్నవా?" అని అడిగాక వదిలింది.

శనివారం సాయంత్రానికి సీలింగు తయారైంది. థర్మామీటరు నాలుగు డిగ్రీలు దిగింది. ఫ్లోరెన్సుకు మాత్రం ఆ చల్లదనం ఒంటికి పట్టలేదు. పద్దెనిమిది రోజులు, తడకల కింద పడుకుని, ఒకవేళ ఆరో లెక్క తప్పితే అనుకుంటూ గడిపింది. మధ్య మధ్య అద్దం ముందు నిలబడి ఆశ్చర్యపోవడం సాధన చేసింది. కనుబొమలు ఎత్తడం, చేయి గుండె మీద పెట్టుకోవడం. జోయెల్ అది చూసి, పంటి నొప్పా అని అడిగాడు.

నోటీసు వచ్చే రోజున యోనా తాత, అదేదో దారిన పోతూ ఆగినట్టు, వాళ్ల గడప ముందే, మళ్లీ చేతికొచ్చిన గొడుగు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. జంపయ్య సైకిలు చెయిను ఊడిందని సరిగ్గా అక్కడే కూర్చున్నాడు. హాతీరాంకు నిప్పెట్టె కావలసి వచ్చింది. కోటేష్ కాగితం తీసి, గొంతు సవరించుకుని, ఒకసారి ముసలాయన వైపు చూసి, ఫ్లోరెన్సు చేతికిచ్చాడు.

రెండు వేల నాలుగు వందల పదహారు.

సాధన చేసిన ఆశ్చర్యం ఒక్కటీ పనికి రాలేదు. కనుబొమలు ఎక్కడున్నాయో కూడా ఆమెకు తెలియలేదు. గడప మీద కూర్చుండిపోయి, పిల్లను గుండెకు హత్తుకుని, ఆపుకోలేక నవ్వింది. పక్కన జోయెల్ మాత్రం తన వంతు నటన మర్చిపోలేదు. నోరు తెరిచి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, నాటకాల్లో చచ్చిపోయే రాజులా వెనక్కి వాలాడు. జంపయ్య కళ్లతోనే వద్దని సైగ చేశాడు.

యోనా తాత ఆమె ముఖమే చూస్తున్నాడు. "ఏంది బిడ్డా, తప్పిందా?" అని అడిగాడు, ఎంతో ఆశగా.

"తప్పింది తాతయ్యా. చాలా తప్పింది."

"పన్నెండు వందల ఎనిమిది రూపాయలు తప్పినవ్ పెద్దయ్యా," అన్నాడు జంపయ్య చెయిను ఎక్కిస్తూ. "పింఛను ఎట్ల ఇస్తున్నరో నీకు."

"ముసలోన్నయితున్న. లెక్కలు అందుతలేవు," అని యోనా తాత తల గోక్కున్నాడు. ముఖం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది. ఫ్లోరెన్సు లోపలికి వెళ్లి గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగుతూ పైకి చూశాడు. కొత్త తడకల సీలింగు కనిపించింది. ఎప్పుడు కట్టించారని అడుగుతాడేమోనని ఆమె ఇంకాస్త మజ్జిగ పోయనా అని అడిగింది. ఆయన చూపు అక్కడ కాసేపు ఆగింది. మజ్జిగ చివరి గుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

అక్సా గోడ పట్టుకుని లేచి నిలబడి, ఆయన గొడుగు కోసం చేయి చాపింది. పది నెలలు నిండవస్తున్నా ఇంకా అడుగు వేయడం లేదని ఫ్లోరెన్సు రోజూ ఆ చార్టు ముందు నిలబడి దిగులుపడుతూనే ఉంది. యోనా తాత వంగి, పిల్ల కాళ్లను పట్టి చూసి, మోకాళ్లను వేలితో తట్టి, కళ్లు మూసుకున్నాడు.

"ఈమె నడిచేది పద్దెనిమిదో నెలకు," అన్నాడు. "గప్పటిదాక నువ్వు బుగులు పెట్టుకోకు."

ఫ్లోరెన్సు వినయంగా తలూపింది. ఆయన వెళ్లేదాకా గడపలోనే నిలబడింది. మలుపు తిరగగానే లోపలికి వచ్చి, పిల్లను ఉయ్యాలలో వేసి, వంటింట్లో కింది అరల్లోని గాజు సీసాలన్నీ ఒక్కొక్కటే తీసి పై అరలోకి మార్చడం మొదలుపెట్టింది.